రెండో చరణం దగ్గర

కాదండీ పాస్టరయ్యగారూ, 'చిన్న టెక్నికల్ ప్రాబ్లం' అని మాత్రం అనకండి. మొన్న ఆదివారం, నవంబరు పదహారు, ఉదయం పదకొండూ నలభైకి, ఈ కెనడాలో, ఈ బ్రాంప్టన్‌లోనే, మన సంఘం అద్దెకు తీసుకున్న ఆ స్కూలు హాల్లో మా అక్క నోరు నొక్కారు. అయ్యో, లేవకండి, కూర్చోండి. టీ చల్లారిపోతుంది. నేను గొంతు పెంచే మనిషిని కాదని మీకు తెలుసు కదా.

అక్క పై గదిలో ఉంది. రాదండీ. మీరొచ్చారని చెప్పాను. "ప్రార్థన చేయించుకుని పంపించెయ్" అంది, అంతే.

మీరు చిన్నవారు. మీకు ఆవిడ రత్నకుమారి ఆంటీ. నాతోపాటు మా అమ్మాయి స్వీటీ దగ్గర ఉంటున్న ముసలావిడ. మాకలా కాదండీ. చీరాలలో, బాపట్లలో, ఒంగోలులో, ఎక్కడ సభలు పెట్టినా ప్రసంగీకుడెవరని ఎవరడిగారు? రత్నకుమారి వస్తోందా అని అడిగేవారు! చేలల్లోంచి కాళ్ళ బురదతోనే వచ్చి కూర్చునేవారు.

ఆవిడ శ్రుతి అడిగేది కాదు. కళ్ళు మూసుకుని ఎత్తుకునేది. మా బావ హేమచంద్రగారు హార్మోనియం మీద తడుముకుంటూ ఆ గొంతు ఎక్కడుందో వెతుక్కుని వచ్చి కలిసేవారు. "మీ అక్కతో కాపురమూ ఇంతేనమ్మా, తను ముందు, నేను వెనక" అని నవ్వేవారు పాపం.

ఇంకోటుంది. రెండో చరణం దగ్గర కళ్ళు తెరిచి జనంలోకి చూసేది. ఎవరైనా ఏడుస్తూ కనబడ్డారా, ఇక ఆ మాట దాటేది కాదు. ఆ ఏడుపు తీరేదాకా మళ్ళీ అదే, మళ్ళీ అదే. ఒకసారి బిడ్డను సమాధి చేసి వచ్చిన తల్లి కోసం అలాగే నిలబడిపోయింది. బోధకుడుగారు గడియారం చూసుకుంటూ లేవబోతే, బావ కళ్ళతోనే ఆయన్ని కూర్చోబెట్టారు. అదండీ ఆవిడ పాటంటే.

బావ పోయాక పాడడం మానేసింది. ఇక్కడికొచ్చినా పెదవి విప్పలేదు. మీరే కదా, సంఘ వార్షికోత్సవానికి పాడాలమ్మా అని ఇంటి చుట్టూ తిరిగారు? ఒప్పుకున్నాక నెలంతా వేణ్ణీళ్ళే తాగింది, పెరుగు ముట్టలేదు. డెబ్బై నాలుగేళ్ళ మనిషి! "దేవుడు నన్నింకా వాడుకుంటాడేమోనే" అంది నాతో. ఆ ఒక్క ఆశేనండీ ఆవిడకి మిగిలింది.

మీ సౌండు చూసే అనంత్ వచ్చి అక్క పాటల పాత క్యాసెట్టు అడిగాడు. మ్యూజిక్ ట్రాక్ చేసుకోవడానికన్నాడు. ఇచ్చాం. ఎందుకివ్వం?

ఆదివారం బాగానే ఎత్తుకుంది. 'ఇంత దూరం తెచ్చినవాడా, ఇక్కడ నన్ను దించకు.' రెండో చరణంలో కళ్ళు తెరిచింది. ముందు వరసలో సార్నియా ఊళ్ళో కాలేజీలో చదివే పిల్ల చరిత, వాళ్ళ నాన్న పోతే వీసా గొడవతో చివరిచూపుకి వెళ్ళలేకపోయిందే, ఆ పిల్ల వెక్కి వెక్కి ఏడుస్తోంది. ఇంకేముంది, అక్క ఆ మాట మీదే ఆగింది. మనిషి వాయిస్తే ఆగుతాడు. కంప్యూటర్‌లో ట్రాక్ ఆగుతుందాండీ?

అప్పుడు అనంత్ అక్క మైకు తగ్గించేశాడు. క్యాసెట్టులోంచి తీసి దాచుకున్న ఆవిడ ముప్పై ఏళ్ళ వయసప్పటి గొంతు పైకి లేపాడు. ఎవరు చెప్పారో నేనడగను. నేను వెనక భోజనాల దగ్గరున్నాను. కానీ మీరు వంగి అతని చెవిలో ఏదో అనడం వీడియోలో పడింది. తల దించుకోకండి అయ్యగారూ. లైవ్ పోతోంది, టైమైపోతోంది... నిజమే.

అక్కకి చెవి మందం. హాలంతా మోగుతున్నది తన పాటే అనుకుంది. బయటికొస్తే ఒకటే పొగడ్తలు, "ఆంటీ, మీ వాయిస్ అస్సలు మారలేదు!" అని. కార్లో నన్ను మోచేత్తో పొడిచి, "విన్నావుటే?" అంది చిన్నపిల్లలా. సాయంత్రం యూట్యూబ్‌లో పెట్టమని తనే అడిగింది.

టీవీలో అక్క నోరు ఒక్క మాట దగ్గరే తిరుగుతోంది. పాటేమో మూడో చరణంలోకి వెళ్ళిపోయింది. నున్నగా, తీగలాగా. "పెద్దమ్మా, ఇట్స్ ఓకే, ఆడియో ప్రాబ్లం" అంటూ స్వీటీ రిమోట్ కోసం వెతికింది. ఆపొద్దంది అక్క. చివరిదాకా చూసి, "పిల్ల బాగా పాడింది" అంది. తరవాత, "చరిత ఏడుపు నేను తీర్చాననుకున్నానే" అంది.

ఇప్పుడు క్రిస్మస్‌కీ ఆవిడే పాడాలంటారా! ఎందుకండీ? గొంతు మీ దగ్గరే ఉందిగా. మనిషితో ఏం పని?

ఆ వీడియో చూసిన మర్నాడు పొద్దున, స్వీటీ డ్యూటీకి వెళ్ళేముందు, ముగ్గురం ప్రార్థనకి కూర్చున్నాం. మీకు ఒప్పుకున్నాక ఆ నెలంతా పాట అక్కే ఎత్తేది. ఎదురుచూశాం. అక్క బైబిలు మూసి, "ఫోన్‌లో పెట్టుకోండి" అంది.

పెట్టుకున్నాం. క్యాసెట్టులోని ఆవిడ పాతపాటే, ఆవిడ ఎదురుగానే. బాగానే వచ్చిందండీ, ఎక్కడా ఆగకుండా. ఆమేన్ అనుకున్నాం. స్వీటీ కారు మీద మంచు గీక్కుని వెళ్ళిపోయింది. నేను గిన్నెలు తోముకున్నాను.