బతికున్నట్టు ఇద్దరు సాక్షులు

నీటి సరఫరా శాఖ పింఛన్ల ఆఫీసు, మూడో కిటికీ. లోపల గుమాస్తా కూర్చున్నాడు. బయట, ముప్పై నాలుగేళ్ళు వాల్వులు తిప్పి ఊరికి నీళ్ళు వదిలిన పెద్దాయన నిలబడ్డాడు, కుర్చీ వెయ్యలేదు గనక.

"మళ్ళీ చెప్పు. నేను పోతే మీ పిన్నికి ఏమొస్తుంది?"

"ఏమీ రాదు బాబాయ్."

"సగం వస్తుందన్నారుగా?"

"అది నిరుటిదాకా. ఫండులో డబ్బు లేదని ఈ ఏడాది నుంచి భార్యల వాటా ఎత్తేశారు. మీరున్నంత కాలం మీది మీకొస్తుంది. అదీ వచ్చినప్పుడు."

"నెలనెలా నా జీతంలోంచి కట్ చేశారు కదరా!"

"మీది కట్ చేశారు. శాఖ తన వంతు కలపలేదు. పద్నాలుగేళ్ళు కలపలేదు."

"మరి ఆ డబ్బు ఏం చేశారు?"

"పంపుహౌసుకి రంగులేయించారు."

"రంగు బాగానే ఉండేదిలే."

"పైగా లెక్క కట్టినవాళ్ళు, మీరంతా అరవై ఆరుకల్లా పోతారని కట్టారు."

"నాకు డెబ్భై మూడు."

"అదే బాబాయ్ సమస్య."

"ముందే చెప్పుంటే చూసుకునేవాణ్ణి."

"నన్నంటే ఏం లాభం? నాది కాంట్రాక్టు ఉద్యోగం. నాకసలు పింఛనే లేదు."

"నిన్నెవడన్నాడ్రా? మీ నాన్నా నేనూ ఇరవయ్యేళ్ళు ఒకే వాల్వు తిప్పాం. నువ్వు నాకు పరాయివాడివా?"

"ఊఁ... లైఫ్ సర్టిఫికెట్ కాగితం ఇటివ్వండి. వెనక జనం ఉన్నారు."

"వెనక ఎవరూ లేరు."

"వస్తారు. ఇదేంటి, ఒక్క సాక్షే ఉన్నాడు?"

"సాక్షులెందుకు? నీ ఎదురుగా నిలబడ్డానుగా."

"మీరు నిలబడితే చాలదు. మీరు బతికున్నారని ఇద్దరు పింఛనుదార్లు సంతకం పెట్టాలి. వాళ్ళు బతికున్నారని మీరు పెట్టాలి. ఏటా ఉండేదేగా."

"మీటర్ రీడింగులు తీసిన మీ మావయ్య పెట్టాడు. రెండోది ఎప్పుడూ మీ నాన్నే పెట్టేవాడు."

"అయితే ఇక్కడుంచండి. సాయంత్రం ఇంటికి తీసుకెళ్ళి పెట్టిస్తాను."

"ఇంటికా? ఆయన మీ అక్క దగ్గర కదా ఉంటాడు?"

"అంటే... అక్క దగ్గరికే. పంపించి పెట్టిస్తాను."

"ఇంటికా, అక్క దగ్గరికా?"

"బాబాయ్, మీకు సంతకం కావాలా, అడ్రసు కావాలా?"

"సంతకమే."

"మరి మీరూ ఆయన కాగితం మీద ఒకటి పెట్టెయ్యండి. ఆయనకి మోకాళ్ళ నొప్పులు, రాలేరు. ఇదిగో, 'నేను స్వయంగా చూశాను' అన్నచోట."

"ఎలా ఉన్నాడు?"

"ఎవరు?"

"మీ నాన్న."

"బానే ఉన్నారు."

"తింటున్నాడా?"

"తింటున్నారు. అదే... కొంచెం తగ్గించారు."

"మందులు?"

"మందులు అమ్మకి. పూటకి నాలుగు. నాన్న పింఛను మొత్తం వాటికే సరి. అది కూడా లేకపోతే అమ్మ... సంతకం పెట్టండి బాబాయ్."

"పెన్నివ్వు."

"చదవకుండా పెట్టేస్తున్నారే?"

"చదివే పెట్టాను. ఇదిగో. అబ్బాయ్, మొన్న పెద్దాసుపత్రికి వెళ్ళానురా, కడుపులో నొప్పని."

"ఏమన్నారు?"

"వానలు పడేదాకా ఉండనన్నారు."

"అయ్యో. ఇప్పుడా చెప్పడం? పిన్నికి తెలుసా?"

"చెప్పలేదు. చెప్తే మందులు కొనమంటుంది. ఉన్నదంతా నాకే ఊడ్చిపెడుతుంది. పోవడానికి నాకు భయం లేదురా. నా తర్వాత అది ఎవరి గుమ్మం ముందు నిలబడుతుందో అని, అదొక్కటే భయం. రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు."

"నాకు మాత్రం బాధగా ఉండదా? కానీ రూలు రూలే. మనిషి పోయిన మర్నాడే పింఛను ఆపెయ్యాలి. నేను గుమాస్తాని, నేనేం చెయ్యగలను?"

"చెయ్యగలవు."

"ఎలా?"

"పోయిన వారం మీ అక్క ఇంటికి వెళ్ళాను, మీ నాన్నతో కాసేపు కూర్చుందామని. వాడు పోయి అయిదు నెలలైందట."

"బాబాయ్, మెల్లగా..."

"మెల్లగానే చెప్తున్నా. వాణ్ణి ఎలా బతికిస్తున్నావో, నన్నూ అలాగే బతికించరా."