బాగానే ఉన్న కార్డు

కలకత్తా చాందినీ బజారులో కంప్యూటర్లు బాగుచేసే కొట్టు. ఒకావిడ రిక్షాలో తెచ్చిన కంప్యూటర్ని బల్లమీద పెట్టించింది.

"వారం నుంచి నెట్ రావట్లేదంటున్నారు మా ఆయన. నెట్‌వర్క్ కార్డు పోయిందేమో చూడు బాబూ."

"చూస్తా దీదీ. దాదా, అదే మీవారు, ఏం చేస్తారు దీంట్లో?"

"చదరంగం. రోజూ నాలుగింటికి, బంగ్లాదేశ్‌లో, ఖుల్నాలో ఉన్న మొహితోష్ బాబుతో. చిన్నప్పటి బడి స్నేహం. ఆడేది గంట, తిట్టుకునేది రెండు గంటలు."

"అయితే ఆట ఆగిపోయి మిమ్మల్ని కాల్చుకు తింటుంటారు!"

"అదే లేదు. నోరెత్తట్లేదు. చూడు, కార్డు నిజంగా పోయుంటే బాగుచెయ్యకు. పోకపోతే నువ్వే పాడుచెయ్యి."

"అదేంటి దీదీ?"

"మొహితోష్ బాబు చనిపోయారయ్యా. పోయిన బుధవారం ఆయన కూతురు నాకు ఫోన్ చేసింది. మా ఆయనకి గుండె ఆపరేషనై మూడు నెలలే. ఎలా చెప్పను?"

"దీదీ... కార్డు బాగానే ఉంది. ఎవరో ఆపేశారు."

"దానంతటదే ఆగిందేమో?"

"ఆగదు. నిజంగా ఆపమంటావా అని కంప్యూటర్ అడుగుతుంది. అవునని నొక్కాలి. ఇదిగో, మంగళవారం నాలుగుంబావుకి నొక్కారు."

"మంగళవారమా? నాకు ఫోనొచ్చింది బుధవారం కదా!"

"ఆ రోజు ఆటకి కూర్చోగానే దాదాకి తెలిసుంటుంది."

"వారం రోజులు నా ఎదురుగా కూర్చుని చేపముళ్ళు తీసుకుంటూ తిన్నారు. ఒక్కమాట అనలేదు."

"మీరూ అనలేదుగా దీదీ."

"అనలేదు."

"మళ్ళీ ఆన్ చెయ్యనా?"

"వద్దు. కార్డు పోయిందనే చెప్తాను. ఆయన నమ్మినట్టే ఉంటారు."