వాగు అవతలి పదిహేడో నంబరు

తేది 8-11-2004, ఉదయం 11 గంటల 20 నిమిషాలు, శామీర్‌పేట పోలీస్ స్టేషన్.

నా పేరు రేచల్, భర్త పేరు స్టీఫెన్, వయస్సు 43 సంవత్సరాలు, నివాసం అల్వాల్. శామీర్‌పేట దాటాక ఉన్న ఒక ప్రైవేటు విత్తన పరిశోధన క్షేత్రంలో పదిహేనేళ్లుగా రికార్డులు రాస్తున్నాను. క్షేత్రం పుస్తకాలు పన్నెండు దొంగిలించానని నా మీద ఫిర్యాదు. ఎస్.ఐ. గారు అడగగా చెబుతున్నాను.

రోజూ పొద్దున ఏడింటికి మడి మడికీ తిరిగి, ఏ మొక్కకు ఎంత తెగులుందో చూసి పెన్సిల్‌తో రాయడం నా పని. పెన్సిలే ఎందుకంటే వానకు సిరా కారిపోతుంది. చూసి, తెగులు లేకపోతే సున్నా వేస్తాను. వెళ్లి చూడలేకపోతే అడ్డగీత గీస్తాను. పదిహేడో నంబరు టమాట మడి వాగు అవతల ఉంది. వాగు పొంగితే రెండు మూడు వారాలు అటు పోలేం. ఆకుమాడు తెగులు ముదిరేది కూడా ఆ వారాల్లోనే. అందుకే ఆ మడి పేజీల్లో అడ్డగీతలు ఎక్కువ.

2002 జూన్‌లో క్షేత్రానికి కంప్యూటరు వచ్చింది. పరిశోధన వివరాలు ఎలా భద్రపరచాలో నేర్పే పది రోజుల శిక్షణకు ఒకరిని పంపమని బెంగళూరు నుంచి ఉత్తరం కూడా వచ్చింది. నన్ను పంపమని డైరెక్టరు కృష్ణారావు గారికి మూడుసార్లు అర్జీ ఇచ్చాను. మూడోసారి ఆయన నవ్వి, "పెన్సిల్‌తో రాసుకునేదానివి, నీకెందుకమ్మా ట్రైనింగు" అన్నారు. తన మేనల్లుడు ఫణిభూషణ్‌ను పంపారు. అతను పనిలో చేరి అప్పటికి నాలుగు నెలలు. ఏది టమాట మొక్కో ఏది వంగ మొక్కో కాయ కాస్తేగాని అతనికి తెలియదు.

వచ్చాక సర్టిఫికెట్‌కు ఫ్రేము కట్టించి నా బల్లకు ఎదురుగానే తగిలించాడు. నా పన్నెండు పుస్తకాలూ కంప్యూటరులోకి ఎక్కించాడు. ఆ గీతలేమిటని నన్ను ఒక్కసారి అడగలేదు. నేను రెండడుగుల దూరంలోనే కూర్చుని ఉన్నాను.

అంతా కంప్యూటరులో ఉంది కదా అని 2003 మార్చి 14న ఆ పుస్తకాలను గాజులరామారంలో ఇస్తారి అనే అతని పాత కాగితాల దుకాణానికి తోలించాడు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు. మర్నాడు మా చర్చిలో పోగైన పాత పేపర్లు ఆటోలో వేసుకుని పోయాను. తక్కెడలో ఒకవైపు అవి, ఒకవైపు నా పుస్తకాలు పెట్టించి, బరువుకు బరువు ఇచ్చి తెచ్చుకున్నాను. ఇస్తారిని అడగండి, చెబుతాడు.

ఈ ఏడు పదిహేడో నంబరు మడిలోని టమాటను తెగులు రాని రకమని చెప్పి, దాని విత్తనాలు రైతులకు అమ్మారు. అక్టోబరు 30న మేడ్చల్ వైపు రైతు మైసయ్య మాడిన మొక్క ఒకటి పట్టుకుని గేటు దగ్గరికి వచ్చాడు. ఇదివరకు మా మడుల్లో కూలికి వచ్చినవాడే. మూడెకరాలు పోయాయని చెప్పాడు. "రాసేది నువ్వే గద చెల్లె. నీ రాత మీద నమ్మకంతోనే గింజలు తెచ్చిన" అన్నాడు. ఆ సాయంత్రం కంప్యూటరు కాగితాలు తీసుకుపోయి ఇంట్లో పుస్తకాలతో సరిచూశాను. నేను గీత గీసిన ప్రతిచోటా సున్నా ఉంది. ఎవరూ చూడని మడి తెగులు లేని మడి అయింది.

నవంబరు 6న, శనివారం, పది గంటలకు 2000 సంవత్సరం పుస్తకం తీసుకుపోయి కృష్ణారావు గారి ముందు పెట్టాను. ఆయన పేజీ చూడలేదు. ఇది నీ దగ్గరికెలా వచ్చిందన్నారు. చెప్పాను. "తిన్నింటి వాసాలు లెక్కపెడుతున్నావా" అన్నారు. మర్నాడు చర్చి నుంచి వచ్చేసరికి ఇంటి ముందు పోలీసు జీపు ఉంది. మిగతా పదకొండు పుస్తకాలూ తీసుకున్నారు. నిజం చెప్పడానికి నేను చూపించిన పుస్తకమే దొంగసొత్తు అయింది. మైసయ్యకు చూపించడానికి ఇప్పుడు నా దగ్గర ఒక్క పేజీ లేదు.

ఇంకొక మాట. ఇందాక కానిస్టేబుల్ గారు నా వివరాలు రాసుకుంటూ, పాత నేరాలు అన్న గడిలో అడ్డగీత గీశారు. "సారూ, గీత అంటే ఎవలు సూడలేదని. సూసి సున్నా ఏయుండ్రి" అన్నాను. ఆయన నవ్వారు. మార్చలేదు.

ఇదంతా నాకు చదివి వినిపించారు. నేను చెప్పింది చెప్పినట్టే ఉంది. ఆ గడి ఒక్కటి తప్ప ఇందులో తప్పు లేదు.

(సంతకం) రేచల్