వేపాకు పెట్టి ఇచ్చిన పుస్తకాలు

హలో… ఆ, హెడ్మాస్టరు సార్, నేనే, సాజియానే. చెప్పండి.

…

నాకు ముందే తెలుసు సార్. మా పక్కింటి ఈరక్క పొద్దున్నే గోడ మీంచి అడిగింది. మీ హెడ్మాస్టరు నాపరాళ్ల కాలనీ పిల్లోల్లకు పుస్తకాలు ఇంటికి ఇయ్యొద్దన్నాడంట గదా, మీ పుస్తకాలకు గూడా మడి ఉండాదా సాజియమ్మా, అని.

…

ఆయమ్మకు ఎవురు చెప్పినారో నాకేం తెలుసు? ఊర్లో మాటకు తలుపు యాడుండాది సార్.

…

చూసినా. మీరు టీచర్ల గ్రూపులో పెట్టిన రంగుల పటం చూసినా. మన బడి లైబ్రరీలో పాడైన పుస్తకాలు, వీధుల వారీగా. దాంట్లో కాలనీ ఒక్కటే ఎర్రగా ఉండాది.

…

తప్పు లెక్క అనలేదే. ట్యాబులో ఎక్కించింది నేనే గదా. దాన్ని చూసి మీరు చెప్తాండేదే తప్పు.

…

కోప్పడొద్దండి… ఒక్క మాట ఇనండి. మెయిన్ రోడ్డు పిల్లోల్ల పుస్తకాలు పచ్చగా చూపిస్తాండాది గదా? కొత్త పెండ్లికూతుర్ల మాదిరి పోయినవి పోయినట్లే వస్తాండాయి. నాకు అనుమానం తగిలింది. పోయిన నెల ఒక పని జేసినా.

…

వేపాకు సార్.

…

వేపాకే. ఇచ్చిన ప్రతి పుస్తకం నడుమ ఒక ఆకు పెట్టినా. అందరికీ. బీరువాలో పురుగు పట్టకుండా ఎట్లాగూ పెడతాం గదా, ఎవురూ అడగలా.

…

నవ్వండి, పర్వాలేదు. మెయిన్ రోడ్డు నుంచి వచ్చినవాట్లో శానావరకు ఆకు పెట్టిన పేజీలోనే ఎండిపోయి ఉండాది. తెరిచినోడే లేడు. కాలనీ నుంచి వచ్చినవాట్లో ఆకే లేదు. పేజీల సందుల్లో రాతిపొడి ఉండాది.

…

అవును, పాడైనాయి. అట్టలూడినాయి, మూలలు మడతబడినాయి. ఒక పుస్తకం పోతే ఇల్లంతా చదువుతాండారు. ఏడో తరగతి షమా లేదూ, రాళ్లు కోసే ఇమాం బాషా కూతురు… ఆ, పొడుగు జడ పాప. ఆదివారం నాయనకు అన్నం క్యారేజీ తీస్కపోయి, మిషను ఆపినంత సేపూ ఆయనకు కథ చదివి వినిపిస్తాదంట. ఆ షెడ్డులో మనిషి మొగమే గుర్తుపట్టలేం, పుస్తకం ఎట్ల తెల్లగా ఉంటాది?

…

ఆ పాప జూన్‌లో అక్షరాలు కూడబలుక్కుంటా ఉండె. చదువులో సి గ్రూపు అని మన ట్యాబే చెప్పింది. ఇప్పుడెట్లుండాదో అదే ట్యాబులో చూడండి.

…

లైన్లోనే ఉంటాలే సార్. చూడండి.

…

కనపడిందా?

…

ఆ, బి గ్రూపు. కాలనీ పిల్లోల్ల పేర్లన్నీ అట్లనే కిందికి చూసుకుంటా పోండి.

…

బళ్లోనే కూచోని చదువుకోమంటే ఎట్లా? లైబ్రరీ పీరియడు వారానికి ఒకటి. అది గూడా లెక్కల సారు సిలబస్ అని లాక్కుంటాండాడు. ఇంటికి ఇయ్యకపోతే షమా మళ్లా కూడబలుక్కునే కాడికే వస్తాది.

…

పైవాళ్లు అడుగుతారా? అడగనీండి. అట్టలు నేనే వేస్తా, మైదా ఉడకబెట్టి. ఎన్నిసార్లు ఊడితే అన్నిసార్లు వేస్తా. పుస్తకాలు నిగనిగలాడాలంటే మాత్రం బీరువాకు తాళమేసి, దండేసి, ఫోటో తీసి పంపిద్దాం.

…

ఎగతాళి కాదు సార్. కడుపు మంట.

…

ఇయ్యొద్దని రాసిస్తారా? ఇయ్యండి. సంతకం పెట్టి ఇయ్యండి, గేటు కాడ అంటిస్తా. కాలనీ పిల్లోల్లు చదువుకుంటారు. ఇప్పుడు చదవను వచ్చు గదా వాళ్లకు.

…

మెమోనా… అదీ ఇయ్యండి.

…

సోమవారం వాళ్ల వంతే. మూడో పీరియడు అయినాక వరసగా వస్తారు.

…

వద్దన్నా ఇస్తారా అనా, అడుగుతాండేది?

…

ఇస్తా.

…