మామయ్య పేరు

లోఫోటెన్ దీవుల్లో ఒక జాలరి ఇల్లు. ఊయల పక్కన అత్తాకోడళ్లు కూర్చున్నారు.

"అత్తయ్యా, కోప్పడకండి. వీడికి మామయ్య పేరు పెట్టాలంటే భయంగా ఉంది."

"సముద్రం మింగేసిన మనిషి పేరనా?"

"అదొక్కటే కాదు, ఓయ్‌స్టైన్ అనే ఆ పేరున్న రాజుల్ని కూడా చంపేశారటగా!"

"అందర్నీ కాదే పిచ్చిపిల్లా. ఒకాయన, తమ్ముడు యుద్ధాలకి పోతే తాను ఇంటిపట్టునే ఉండి పడవలకి రేవు కట్టించాడు. జబ్బుచేసి మంచం మీదే పోయాడు."

"ఆ పేరుకి అర్థమేంటి?"

"అదృష్టం, రాయి. 'అదృష్టం నీకు, రాయి నాకు' అని మీ మామయ్య నన్ను ఏడిపించేవాడు."

"హమ్మయ్య! అయితే అదే పెడదాం. ముందు మీరే పిలవండి."

"ఆయన పడవ తిరిగిరాని రోజు ఒడ్డున నిలబడి గొంతు పోయేలా అరిచాను. మళ్లీ ఆ పేరు నోట రాలేదమ్మా... ఓయ్‌స్టైన్!"

"అత్తయ్యా, కళ్లు తెరిచాడు!"

"ఈసారి పలికాడే!"