వార్డరు వీపు

వంతెన మునిగిన వరద ఏడాది అది. రాత్రి డ్యూటీ దిగి చదువుకోవడానికి వచ్చే జైలు వార్డరును, పాఠం అయ్యాక పంతులమ్మ ఆపింది.

“బాబాయ్ గారూ, మళ్లీ పరీక్ష తప్పారు. ఇంకోసారి తప్పితే మీ జైలువాళ్లు ఫీజు కట్టరట.”

“వెనక బల్ల నుంచి బోర్డు ఆనట్లేదమ్మా.”

“ముందుకు రావచ్చుగా? ఆ బల్లకేమైనా సంకెళ్లేశారా?”

“పాతికేళ్లుగా ఎవరికీ వీపు పెట్టి కూర్చోలేదమ్మా. అలా కూర్చుని వెనక నుంచి దెబ్బ తిన్న మా డ్యూటీ జోడీగాడు ఇంకా మంచం దిగలేదు.”

“ఇక్కడున్నది ఖైదీలు కాదుగా!”

“నాకు తెలుసు. వీపుకి తెలీదు.”

“నేను మీకు ఎదురుగానే ఉంటా. మీ వెనక ఎవరు కదిలినా నాకు కనిపిస్తారు. మీ వీపు కాపలా నాది, సరేనా?”



మర్నాడు ఉదయం అతను వచ్చి ముందు బల్ల మీద కూర్చున్నాడు. బోర్డు మీది లెక్కంతా దించుకుని, అక్కడే తల వాల్చి ఆదమరిచి నిద్రపోయాడు.