కనిపిస్తోందండీ

ఏలూరులో ఓ కంటి ఆసుపత్రి. చూపు లేని ఒకావిడ కంట్లో, చూపు తెప్పించే ప్రయోగం కోసం చిన్న ఎలక్ట్రానిక్ చిప్ పెట్టి ఆర్నెల్లయింది. ఆవిడకి ఎదురుగా డాక్టరు కూర్చున్నాడు.

“ఇందాక తెర మీద గీత కనిపిస్తోందన్నారు కదమ్మా?”

“కనిపించిందండీ.”

“అప్పుడు మీ చిప్ ఆపేసి ఉంది.”

“ఆపేసి అడగడమేంటండీ? నన్ను పట్టుకోవడానికా?”

“పట్టుకోవడానికే. ఎన్నాళ్ల నుంచి ఇలా అబద్ధాలు చెబుతున్నారు?”

“మొదటిసారి కనిపించలేదనే చెప్పానండీ. మీ గొంతు ఒక్కసారిగా నీరుగారిపోయింది. భోజనానికి పిలిచినవాళ్లు కూరెలా ఉందని అడిగితే, బాగోలేదని ఎవరంటారు?”

“ఇది కూర కాదు! మీ మాట నమ్మి సోమవారం నల్లజర్ల నుంచి వచ్చే ఇంకొకావిడ కంట్లో కూడా ఇదే పెట్టబోతున్నాం.”

“అయ్యో! ఆపించండి మరి.”

“ఆపాలంటే నాకు నిజం కావాలి. ఇప్పుడు చిప్ ఆన్ చేశాను. మొహమాటం కట్టిపెట్టి చెప్పండి, ఏం కనిపిస్తోంది?”

“మొదట్నుంచీ ఇలా కసిరి అడిగుంటే ఎప్పుడో చెప్పేదాన్ని.”

“చెప్పండి!”

“ఎడమపక్క ఏదో కాస్త మిణుకుమంటోంది. గీతా లేదు, తెరా లేదు, మీరూ లేరు.”